ఎఫ్‌పీజీఏలో డిజిటల్ ఫిల్టర్ పెట్టాలా? ఏ పద్ధతి ఎవరికి నప్పుతుందో చూద్దాం

నేను మొట్టమొదట ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే రాసి మార్చుకోగల చిప్) మీద కట్టిన ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ (ఇటీవలి శాంపిళ్లని ఒక్కోదాన్నీ ఒక్కో సంఖ్యతో, అంటే కోఎఫిషియంట్‌తో, గుణించి కూడేది) గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆడియో సిగ్నల్, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్, 128 ట్యాప్‌లు (ట్యాప్ అంటే అలాంటి ఒక గుణకారం), చిప్పేమో జైలింక్స్ ఆర్టిక్స్-7లో చిన్నది, 35టీ. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చు అలాగే 128 మల్టిప్లయర్లు పక్కపక్కన పెట్టి రాసేశాను. ఆ చిప్‌లో ఉన్నవే 90 డీఎస్‌పీ స్లైసులు (గుణించి కూడడానికే కట్టి ఉంచిన బ్లాకులు). టూల్ ఉన్నవన్నీ మింగేసి మిగతా గుణకారాలు ఎల్‌యూటీల్లో (చిప్‌లోని మామూలు లాజిక్ కట్టే చిన్న లుకప్ టేబుళ్లు) కట్టింది, చిప్ సగం నిండిపోయింది, "ఇది చాలదు, పెద్ద బోర్డు కావాలి" అని అడగడానికి కూడా వెళ్లాను. పక్క సీట్లో ఉన్న సీనియర్ ఒక్కటే అడిగాడు, క్లాక్ ఎంత అని. 100 మెగాహెర్ట్జ్ అన్నాను. "దాన్ని 48 వేలతో భాగించి చూడు" అన్నాడు. 2083 వచ్చింది. అంటే ఒక శాంపిల్ వచ్చాక ఇంకోటి వచ్చేలోపు 2083 క్లాక్ సైకిళ్లు ఖాళీగా ఉన్నాయి, నాకు కావాల్సినవి 128 గుణకారాలు. ఒకే ఒక్క మల్టిప్లయర్ ఆ పని చేసేసి, అలాంటి ఇంకో పదిహేను ఫిల్టర్ల పని కూడా చేయగలదు.

అప్పట్నుంచి ఎవరు ఏ ఆర్కిటెక్చర్ మంచిది అని అడిగినా నేను ముందు ఆ భాగహారమే చేయమంటాను. సగం మంది ప్రశ్న అక్కడే తేలిపోద్ది.

## ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, చెప్పాను కదా, క్లాక్ భాగించు శాంపిల్ రేట్. ఇది 1 దగ్గర ఉందా, 4-8 మధ్య ఉందా, వందల్లో ఉందా.

రెండోది ట్యాప్‌లు ఎన్ని. ఫిల్టర్ డిజైన్ టూల్ తెరవక ముందే నోటి లెక్కకి సిగ్నల్ ప్రాసెసింగ్ నిపుణుడు ఫ్రెడ్ హ్యారిస్ పేరుమీద చెప్పుకునే ఒక సూత్రం ఉంది: స్టాప్‌బ్యాండ్ అటెన్యుయేషన్‌ని (వద్దనుకున్న ఫ్రీక్వెన్సీలని ఎంత అణచాలో) డెసిబెల్స్‌లో తీసుకుని, దాన్ని 22 రెట్లు ట్రాన్సిషన్ వెడల్పుతో (వదిలే బ్యాండ్‌కీ ఆపే బ్యాండ్‌కీ మధ్య ఖాళీ) భాగించాలి, ఆ వెడల్పు శాంపిల్ రేట్‌లో ఎంత భాగమో అలా తీసుకోవాలి. 60 డీబీ కావాలి, ట్రాన్సిషన్ శాంపిల్ రేట్‌లో 0.05 అనుకోండి, 60 భాగించు 1.1, దాదాపు 55 ట్యాప్‌లు. అటూఇటూ కొంచెం తేడా వస్తుంది కానీ 55 కావాల్సిన చోట 500 పెట్టే తప్పు మాత్రం జరగదు.

మూడోది, కోఎఫిషియంట్లు జన్మంతా అవేనా లేక నడుస్తుండగా మార్చాలా. ఇది చాలామంది చివర్లో ఆలోచిస్తారు, అప్పటికి కట్టిందంతా పీకాల్సొస్తుంది.

నాలుగోది బిట్ వెడల్పులు, మీ చిప్ మల్టిప్లయర్‌తో పోల్చి. జైలింక్స్ 7-సిరీస్‌లో డీఎస్‌పీ48ఈ1 మల్టిప్లయర్ 25 బై 18, అల్ట్రాస్కేల్‌లో 27 బై 18, వెర్సల్‌లో 27 బై 24. ఆల్టెరా (కొన్నాళ్లు ఇంటెల్ పేరుతో వచ్చింది) సైక్లోన్-5, ఆరియా-10లో ఒక్కో బ్లాక్‌ని 18 బై 19 రెండుగా గానీ 27 బై 27 ఒకటిగా గానీ వాడుకోవచ్చు. లాటిస్ ఐస్40 అల్ట్రాప్లస్ యూపీ5కేలో 16 బై 16వి ఎనిమిదే ఉంటాయి. మీ కోఎఫిషియంట్ 18 బిట్లు, డేటా 16 బిట్లు అయితే 7-సిరీస్‌లో ఒక స్లైస్‌లో హాయిగా కూర్చుంటుంది. ఎందుకైనా మంచిదని కోఎఫిషియంట్ 20 బిట్లు చేశారనుకోండి, డేటా 16 కాబట్టి ఇంకా పర్లేదు, దాన్ని 25 వైపు పెట్టొచ్చు. కానీ రెండూ 20 చేస్తే ఒక్కో గుణకారానికి రెండు స్లైసులు పోతాయి. రెండు బిట్ల ముచ్చటకి హార్డ్‌వేర్ డబుల్.

ఐదోది లేటెన్సీ, అంటే ఇన్‌పుట్ నుంచి ఔట్‌పుట్‌కి పట్టే ఆలస్యం. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. లీనియర్ ఫేజ్ ఫిల్టర్ (అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేంత ఆలస్యం చేసేది) ఏదైనా సరే ట్యాప్‌లలో సగం శాంపిళ్లు ఆలస్యం ఎలాగూ ఇస్తుంది, 64 ట్యాప్‌లైతే 31.5 శాంపిళ్లు, అది గణితం, దాన్ని ఏ ఆర్కిటెక్చరూ తగ్గించలేదు. మనం ఎంచుకునే పద్ధతి దానిమీద ఎన్ని క్లాకులు అదనంగా కలుపుతుందనేదే మన చేతిలో ఉంది.

ఇంకా మీ చిప్‌లో ఏది కరువు (డీఎస్‌పీనా, ఎల్‌యూటీనా, బ్లాక్ ర్యామా), ఎన్ని ఛానెళ్లు, ఆరు నెలల తర్వాత ఈ కోడ్ ఎవరు ముట్టుకుంటారు, ఇవి కూడా.

## ఒక చూపులో

పోలికకి ఒకే ఫిల్టర్ తీసుకుందాం: 64 ట్యాప్‌లు, సిమెట్రిక్ (కోఎఫిషియంట్లు రెండు చివర్ల నుంచీ ఒకేలా ఉండేది), డేటా 16 బిట్లు.

| పద్ధతి | శాంపిల్‌కి సైకిళ్లు | మల్టిప్లయర్లు | నడుస్తుండగా కోఎఫిషియంట్లు మార్చడం | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఒకే మ్యాక్ (గుణించి కూడే యూనిట్) | 32 పైన | 1 | చాలా ఈజీ | ఆడియో, సెన్సర్లు, ఎక్కువ ఛానెళ్లు |
| సెమీ పారలల్ | 4 అనుకుంటే | 8, కూడికకి ఇంకొకటి | కుదురుతుంది, కాస్త పని | రేడియో మధ్య దశలు |
| పూర్తి పారలల్ | 1 | 32 | కుదురుతుంది | శాంపిల్ రేట్ క్లాక్‌కి సమానమైనప్పుడు |
| డిస్ట్రిబ్యూటెడ్ అరిథ్మెటిక్ | 17 | 0 | తలనొప్పి | డీఎస్‌పీలు లేని చిప్ |
| షిఫ్ట్-యాడ్ | 1 | 0 | కుదరదు | స్థిరమైన చిన్న కోఎఫిషియంట్లు |
| ఎఫ్‌ఎఫ్‌టీతో (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీల్లోకి మార్చి) | బ్లాకులుగా | ఈ సైజుకి దండగ | కుదురుతుంది | వందలు, వేల ట్యాప్‌లు |

## ఒకే మ్యాక్: చూడ్డానికి పేదది, పనికి గట్టిది

ఒక మల్టిప్లయర్, వెనక ఒక అక్యుమ్యులేటర్, శాంపిళ్లకి ఒక సర్క్యులర్ బఫర్, కోఎఫిషియంట్లకి ఒక చిన్న మెమరీ, వీటిని నడిపే కౌంటర్. అంతే. సిమెట్రిక్ ఫిల్టర్ అయితే మొదటి శాంపిల్‌కీ చివరి శాంపిల్‌కీ ఒకే కోఎఫిషియంట్ కాబట్టి ముందే కూడేసి ఒకసారే గుణించొచ్చు, డీఎస్‌పీ48ఈ1లో ఆ ప్రీ-యాడర్ లోపలే ఉంది, డ్యూయల్ పోర్ట్ ర్యామ్ నుంచి రెండు శాంపిళ్లు ఒకేసారి తీసుకుంటే 64 ట్యాప్‌లకి 32 సైకిళ్లే.

నా ఆడియో లెక్కకే వస్తే, 2083 సైకిళ్లలో 128 ట్యాప్‌ల ఛానెళ్లు 16 పడతాయి, 16 సార్లు 128 అంటే 2048, ఇంకా 35 సైకిళ్లు మిగులు. సిమెట్రీ వాడితే 32 ఛానెళ్లు. ఒక్క స్లైస్‌తో. మిగతా 89 స్లైసులు వేరే పనికి.

జాగ్రత్త పడాల్సింది అక్యుమ్యులేటర్ దగ్గర. 48 బిట్లు ఉంది కదా అని నిశ్చింతగా ఉంటాం. 25 బై 18 పూర్తిగా వాడితే ఫలితం 43 బిట్లు, మిగిలింది 5 బిట్లు, అంటే మరీ చెడ్డ సందర్భంలో 32 కూడికల వరకే గ్యారంటీ. 16 బై 18 అయితే ఫలితం 34 బిట్లు, 14 బిట్లు మిగులు, భయం లేదు. అసలు చూడాల్సింది ట్యాప్‌ల సంఖ్య కూడా కాదు, కోఎఫిషియంట్ల గుర్తులు తీసేసి కూడితే ఎంతొస్తుందో అది. మామూలుగా అది చాలా చిన్నగానే వస్తుంది కాబట్టి ట్యాప్‌లని చూసి బిట్లు పెంచుకుంటూ పోవడం అనవసరం.

## పూర్తి పారలల్: ట్రాన్స్‌పోజ్డా, సిస్టాలిక్కా

శాంపిల్ రేట్ క్లాక్‌కి దగ్గరగా ఉంటే వేరే దారి లేదు, ప్రతి ట్యాప్‌కీ ఒక మల్టిప్లయర్ (సిమెట్రీ ఉంటే రెండు ట్యాప్‌లకి ఒకటి). కానీ ఇందులోనే మూడు రకాలున్నాయి, వాటిమధ్య తేడా మామూలుది కాదు.

పుస్తకాల్లో బొమ్మ డైరెక్ట్ ఫామ్: డిలే లైన్, కింద మల్టిప్లయర్లు, ఆ కింద యాడర్ చెట్టు. ఆ చెట్టు డీఎస్‌పీ కాలమ్ బయట ఎల్‌యూటీల్లో కట్టాలి, అన్నివైపుల నుంచీ వైర్లు ఒకచోటికి రావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీంతోనే మొదలుపెట్టి టైమింగ్ (సిగ్నల్ ఒక క్లాక్ లోపు చేరాలన్న షరతు) దగ్గర ఇరుక్కుంటారు.

ట్రాన్స్‌పోజ్డ్ ఫామ్‌లో ఒకే శాంపిల్ అన్ని మల్టిప్లయర్లకీ ఒకేసారి వెళ్తుంది, కూడికలు గొలుసులా పక్కకి జరుగుతాయి. అదనపు లేటెన్సీ చాలా తక్కువ. 20-30 ట్యాప్‌ల దాకా హాయిగా ఉంటుంది, ఆ పైన ఆ ఒక్క శాంపిల్ వైరు చిప్ పొడుగునా పరిగెత్తాలి, ఫ్యానవుట్ (ఆ వైరు నడపాల్సిన చోట్లు) పెరిగి అక్కడే టైమింగ్ తెగుతుంది. సిమెట్రీని ప్రీ-యాడర్‌తో వాడుకోవడం ఇందులో కుదరదు. ఒకే గుణకారాన్ని రెండు చోట్ల వాడొచ్చు నిజమే, కానీ అప్పుడు కూడిక డీఎస్‌పీ బయటికొచ్చేస్తుంది, అది ఇంకో బాధ.

సిస్టాలిక్‌లో డేటా, కూడిక రెండూ అడుగడుగుకీ రిజిస్టర్లతో పక్క స్లైస్‌కి మాత్రమే వెళ్తాయి. డీఎస్‌పీ కాలమ్‌లో పైకి వెళ్లే ప్రత్యేకమైన క్యాస్కేడ్ వైర్లు ఉంటాయి, ఇది వాటికోసమే పుట్టినట్టు ఉంటుంది. సిమెట్రీకి ప్రీ-యాడర్ కూడా కుదురుతుంది. ధర ఏంటంటే స్లైస్‌కి ఒకటి చొప్పున క్లాకుల ఆలస్యం పెరుగుతుంది. స్ట్రీమింగ్ డేటా అయితే ఆ ఆలస్యం ఎవడికీ పట్టదు, అందుకే నేను 30 ట్యాప్‌లు దాటితే ఆలోచించకుండా సిస్టాలిక్ అంటాను.

ఇక్కడో సొంత దెబ్బ చెప్పాలి. ఒకసారి సిస్టాలిక్ ఫిల్టర్ శుభ్రంగా రాశాను, అన్ని రిజిస్టర్లూ పెట్టాను, అయినా 120 మెగాహెర్ట్జ్ దగ్గర టైమింగ్ ఫెయిల్. ఆ స్లైస్ అన్ని రిజిస్టర్లతో వాడితే నెమ్మదైన స్పీడ్ గ్రేడ్‌లో కూడా 400 మెగాహెర్ట్జ్ దాటాలి. రెండు రోజులు పైప్‌లైన్ స్టేజీలు (దారి మధ్యలో పెట్టే రిజిస్టర్లు) ఇంకా ఇంకా కలుపుతూ కూర్చున్నాను, ఏం మారలేదు. చివరికి స్కీమాటిక్ తెరిచి ఒక స్లైస్ మీద క్లిక్ చేసి దాని సెట్టింగులు చూస్తే ఎంరెగ్ సున్నా, పీరెగ్ సున్నా (స్లైస్ లోపలి రిజిస్టర్లు వాడుతున్నామో లేదో చెప్పేవి ఇవే). అంటే నా రిజిస్టర్లు ఒక్కటీ డీఎస్‌పీ లోపలికి వెళ్లలేదు, అన్నీ బయట మామూలు ఫ్లిప్‌ఫ్లాప్‌లుగా కూర్చున్నాయి. కారణం నేను అలవాటుగా రాసిన ఎసింక్రనస్ రీసెట్ (క్లాక్ కోసం ఆగకుండా పనిచేసేది). డీఎస్‌పీ48 లోపలి రిజిస్టర్లకి సింక్రనస్ రీసెట్ మాత్రమే ఉంది, ఎసింక్రనస్ అని రాస్తే టూల్ వాటిని లోపల పెట్టలేదు. డేటా దారిలో రీసెట్ తీసేశాను, వాలిడ్ సిగ్నల్‌కి (డేటా సరైనదని చెప్పేది) మాత్రం ఉంచాను, ఒక్క బిల్డ్‌లో టైమింగ్ పాసయింది. డిలే లైన్ విషయంలోనూ ఇదే కథ, ఎల్‌యూటీని 32 బిట్ల షిఫ్ట్ రిజిస్టర్‌గా వాడుకునే సౌకర్యం ఉంది, దానికి రీసెట్టే లేదు, మీరు రీసెట్ రాస్తే 32 బిట్లకి ఒక ఎల్‌యూటీ బదులు 32 ఫ్లిప్‌ఫ్లాప్‌లు పోతాయి. ఆల్టెరా చిప్‌లలో రూల్స్ వేరు, కాబట్టి కుటుంబం మారినప్పుడల్లా ఆ డీఎస్‌పీ బ్లాక్ గైడ్ ఒకసారి తిరగేయండి.

## సెమీ పారలల్: నిజంగా ఎక్కువ వాడేది ఇదే

రేడియో పనుల్లో తరచుగా కనిపించే అంకెలు తీసుకుందాం. శాంపిల్ రేట్ 61.44 మెగాశాంపిళ్లు, క్లాక్ 245.76 మెగాహెర్ట్జ్. నిష్పత్తి సరిగ్గా 4. సిమెట్రీతో 32 గుణకారాలు, నాలుగు సైకిళ్లలో పంచితే 8 స్లైసులు, నాలుగు సైకిళ్ల ఫలితాలు కూడి పెట్టడానికి చివర్లో ఇంకోటి. పూర్తి పారలల్‌లో 32 పోయే చోట 9తో పనైపోద్ది.

మరి అందరూ ఇదే ఎందుకు రాయరు అంటే, కంట్రోల్ చిరాకు. ప్రతి స్లైస్‌కీ నాలుగేసి కోఎఫిషియంట్లు, ఏ సైకిల్‌లో ఏది, డేటా ఎప్పుడు పక్కకి జరగాలి, సిమెట్రీ వల్ల వెనక్కి వచ్చే వైపు డేటా తిరగేసిన వరసలో ఎలా రావాలి, ఒక్క సైకిల్ తేడా వస్తే ఫిల్టర్ పనిచేస్తున్నట్టే ఉంటుంది కానీ స్టాప్‌బ్యాండ్ 80 డీబీ రావాల్సింది 35 డీబీ దగ్గర ఆగుద్ది. ఇలాంటి బగ్ పట్టుకోవడం నరకం. అందుకే ఇక్కడ మాత్రం చేత్తో రాయకండి, మీ చిప్ వెండర్ ఇచ్చే ఫిల్టర్ ఐపీ (రెడీమేడ్ డిజైన్) జనరేటర్ వాడుకోండి, క్లాక్ ఎంతో శాంపిల్ రేట్ ఎంతో ఇస్తే ఎన్ని స్లైసులు పంచాలో అదే చూసుకుంటుంది. వెండర్‌కి కట్టుబడిపోతామన్న మాట నిజమే, కానీ ఆ బాధ ఆరు నెలల తర్వాతది, ఈ బగ్ ఈ రాత్రిది.

## డీఎస్‌పీలు లేవు, లేదా అయిపోయాయి

డిస్ట్రిబ్యూటెడ్ అరిథ్మెటిక్ 1970ల నాటి ఐడియా, పెలెడ్, లియూ అనే పరిశోధకులు 1974లో రాసిన పేపర్‌తో బాగా ప్రచారంలోకి వచ్చింది. మల్టిప్లయర్ అంటే ఖరీదైన రోజులవి. కిటుకు ఏంటంటే, ఒక్కో శాంపిల్‌ని ఒక్కో కోఎఫిషియంట్‌తో గుణించే బదులు, అన్ని శాంపిళ్ల నుంచీ ఒకే స్థానంలోని బిట్‌ని తీసుకుని ఆ బిట్ల గుంపుని అడ్రస్‌గా పెట్టి ముందే కూడి ఉంచిన టేబుల్‌లో చూస్తారు, వచ్చినదాన్ని షిఫ్ట్ చేసి కూడతారు, మళ్లీ తర్వాతి బిట్. 64 ట్యాప్‌లకి ఒకే టేబుల్ పెడితే 2 పవర్ 64 గడులు కావాలి, అది జరిగే పని కాదు, అందుకే నాలుగు నాలుగు ట్యాప్‌లుగా విడగొట్టి 16 గడుల చిన్న టేబుళ్లు 16 పెడతారు. నాలుగు ఇన్‌పుట్ల ఎల్‌యూటీకి ఇది కొలిచి కుట్టినట్టు సరిపోద్ది.

దీని అందం ఏంటంటే వేగం ట్యాప్‌ల మీద ఆధారపడదు, బిట్ల మీద ఆధారపడుతుంది. 16 బిట్ల డేటా అంటే 16 సైకిళ్లు, 10 ట్యాప్‌లైనా 100 ట్యాప్‌లైనా. 200 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో 12.5 మెగాశాంపిళ్లు. సిమెట్రీ కోసం ముందే కూడితే ఒక బిట్ పెరిగి 17 సైకిళ్లు అవుతాయి, టేబుళ్లు సగమవుతాయి. ఐస్40 హెచ్‌ఎక్స్ లాంటి డీఎస్‌పీ బ్లాకులే లేని చిప్ చేతిలో ఉంటే ఇది ఇప్పటికీ బతికున్న పద్ధతి. డీఎస్‌పీలు పుష్కలంగా ఉన్న చిప్‌లో దీన్ని పెట్టడం మాత్రం కారు గ్యారేజీలో ఉంచి ఎడ్లబండి కట్టడమే.

షిఫ్ట్-యాడ్ వేరే దారి. కోఎఫిషియంట్ 231 అనుకోండి. బైనరీలో 11100111, ఆరు ఒకట్లు, అంటే ఐదు కూడికలు. మైనస్ అంకె కూడా వాడుకోవచ్చంటే 256 - 32 + 8 - 1, నాలుగు ముక్కలు, మూడు కూడికలు. ఇదే కెనానికల్ సైన్డ్ డిజిట్ పద్ధతి, సగటున సున్నా కాని అంకెలు సగం నుంచి మూడో వంతుకి దిగుతాయి. ఇంకా ముందుకెళ్లి 231ని 232 చేసి చూడండి, 256 - 32 + 8, ఒక యాడర్ తగ్గింది. 224 చేస్తే 256 - 32, ఒకే యాడర్. ఫిల్టర్ రెస్పాన్స్ అంతగా చెడకపోతే ఎందుకు ఉంచుకోవాలి ఆ రెండు యాడర్లు? ఇలా ఒక్కో కోఎఫిషియంట్‌నీ కదుపుతూ ప్లాట్ చూసుకుంటూ పోవడం నాకైతే పజిల్ ఆడినట్టు ఉంటుంది, టైమ్ తెలీదు. ట్రాన్స్‌పోజ్డ్ ఫామ్‌లో ఒకే శాంపిల్ అన్నిటికీ వెళ్తుంది కాబట్టి 7 ఒకసారి కట్టుకుంటే 14, 28, 56 అన్నీ వైర్లు జరిపితే వచ్చేస్తాయి, ఫ్రీగా.

కానీ కోఎఫిషియంట్ ఒక్కటి మారినా మళ్లీ సింథసిస్ (కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే పని). "ఫీల్డ్‌లో ట్యూన్ చేద్దాం" అనే మేనేజర్ ఉంటే ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు.

## అసలు అన్ని ట్యాప్‌లు ఎందుకు?

ఇది ఆప్షన్ కాదు, ప్రశ్నని మార్చడం, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇక్కడే. 61.44 మెగాశాంపిళ్ల నుంచి 64 రెట్లు తగ్గించి 0.96కి రావాలి, పాస్‌బ్యాండ్ (వదిలే బ్యాండ్) 0.4 మెగాహెర్ట్జ్ దాకా, 0.5 నుంచి 80 డీబీ స్టాప్ అనుకోండి. ఒకే ఫిల్టర్‌తో చేద్దామంటే ట్రాన్సిషన్ 0.1, దాన్ని 61.44తో భాగించి పై సూత్రంలో పెడితే 2200 పైన ట్యాప్‌లు. ఇది చూసి పెద్ద చిప్ కొనేవాళ్లున్నారు.

ఇప్పుడు ముక్కలు చేద్దాం. ముందు ఐదు స్టేజీల సీఐసీ (క్యాస్కేడెడ్ ఇంటిగ్రేటర్-కాంబ్), 16 రెట్లు తగ్గించేది. హోగెనౌర్ 1981లో చెప్పిన ఈ ఫిల్టర్‌లో గుణకారమే లేదు, కూడికలు, తీసివేతలే. 16 బిట్ల ఇన్‌పుట్‌కి 20 బిట్లు పెరిగి 36 అవుతాయి, ఐదు స్టేజీలు కదా, స్టేజీకి నాలుగు బిట్లు. ఇంటిగ్రేటర్లు ఓవర్‌ఫ్లో అవుతూనే ఉంటాయి, కంగారుపడి శాచురేషన్ పెట్టారో మొత్తం పాడవుద్ది, టూస్ కాంప్లిమెంట్‌లో (మైనస్ అంకెలు రాసే బైనరీ పద్ధతి) వాటంతట అవే చుట్టి రానివ్వాలి. 3.84 (61.44లో 16వ వంతు) దగ్గర దాని మడతల్లోంచి మన బ్యాండ్‌లోకి పడే చెత్త దాదాపు 85 డీబీ కింద ఉంటుంది, చాలు. తర్వాత ఒక హాఫ్-బ్యాండ్ (రేట్‌ని సగం చేసే ఫిల్టర్), 1.92కి. ఇందులో మధ్యది తప్ప ఒకటి విడిచి ఒకటి కోఎఫిషియంట్లన్నీ సున్నాలే, వాటికి హార్డ్‌వేర్ అక్కర్లేదు. ఆఖర్న మామూలు ఎఫ్‌ఐఆర్, 1.92 దగ్గర అదే 0.1 ట్రాన్సిషన్‌కి 70 ట్యాప్‌లు.

ఆ 70 ట్యాప్‌లది ఔట్‌పుట్‌కి ఒకసారే లెక్క కట్టాలి, పై 245.76 మెగాహెర్ట్జ్ క్లాకే అనుకుంటే రెండు ఔట్‌పుట్ల మధ్య 256 క్లాకులున్నాయి. ఒక్క మ్యాక్. ఐ, క్యూ (రేడియో సిగ్నల్‌ని విడదీసే రెండు భాగాలు) రెండూ ఉన్నా, సిమెట్రీ వాడకపోయినా 140 సైకిళ్లే, అదే ఒక్క మ్యాక్. 2200 ట్యాప్‌ల నుంచి ఎక్కడికొచ్చామో చూడండి. సీఐసీ 0.4 దగ్గర ముప్పావు డీబీ వంగుతుంది, దాన్ని ఆ ఆఖరి ఫిల్టర్ కోఎఫిషియంట్లలోనే సరిచేసుకోవచ్చు, ఖర్చు ఉండదు.

శాంపిల్ రేట్ తగ్గించే అవకాశం ఉన్న ప్రతిచోటా ముందు ఇది చూసి, ఆ తర్వాతే పై పట్టికకి వెళ్లండి.

## ఎఫ్‌ఎఫ్‌టీ దారి ఎప్పుడు

రేట్ తగ్గించడానికి వీల్లేదు, ట్యాప్‌లు నిజంగానే 1024 కావాలి, ఉదాహరణకి ఈక్వలైజర్ లాంటిది. సిమెట్రీ ఉంటేనే పారలల్‌లో 512 మల్టిప్లయర్లు, లేకపోతే 1024. ఓవర్‌ల్యాప్-సేవ్‌తో (బ్లాకులని ఒకదానిమీద ఒకటి కొంత పడేలా తీసి, పాడైన భాగం పారేసే పద్ధతి) 4096 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ పెడితే ఒక్కో బ్లాక్‌కి 3073 మంచి శాంపిళ్లు వస్తాయి, అంటే క్లాక్ శాంపిల్ రేట్‌కి 1.33 రెట్లుంటే చాలు. రాడిక్స్ 2 స్క్వేర్ అనే రకం ఎఫ్‌ఎఫ్‌టీ పైప్‌లైన్‌లో ఒక్కో ఎఫ్‌ఎఫ్‌టీకి 5 కాంప్లెక్స్ మల్టిప్లయర్లు, వెళ్లేదానికి 5, తిరిగొచ్చేదానికి 5, మధ్యలో గుణకారానికి 1, మొత్తం 11, ఒక్కోదానికి నాలుగు మామూలు గుణకారాలు వేసుకున్నా 44. బిట్లు పెరిగే కొద్దీ ఇది డబుల్ అవ్వొచ్చు, అయినా 512 ఎక్కడ, ఇదెక్కడ.

బదులుగా బ్లాక్ ర్యామ్ బాగా తింటుంది, లేటెన్సీ వేల శాంపిళ్లలోకి పోద్ది, స్టేజీ స్టేజీకి స్కేలింగ్ సరిగ్గా పెట్టుకోకపోతే నాయిస్ పెరుగుతుంది. వంద ట్యాప్‌ల లోపు దీని ఊసే వద్దు.

## రాసేది దేంతో

హెచ్‌డీఎల్ (హార్డ్‌వేర్‌ని వర్ణించే భాష) చేత్తో రాయాలా, హెచ్‌ఎల్‌ఎస్‌లో (సీ కోడ్‌ని హార్డ్‌వేర్‌గా మార్చే టూల్) సీ రాయాలా, ఐపీ దించుకోవాలా అనేదానికి నాది సూటి జవాబే. సింగిల్ మ్యాక్, సీఐసీ, చిన్న ట్రాన్స్‌పోజ్డ్ ఇవి చేత్తో రాయండి, వంద లైన్లు ఉండవు, ఏ చిప్‌కైనా పట్టుకుపోవచ్చు. సెమీ పారలల్, ఎఫ్‌ఎఫ్‌టీ ఐపీ. హెచ్‌ఎల్‌ఎస్ ఏమో అల్గారిథమ్ ఇంకా మారుతూ ఉన్నప్పుడు, లేదా ఫిల్టర్ చుట్టూ కండిషన్లు లాజిక్కులు ఎక్కువున్నప్పుడు బాగుంటుంది. అందులో అందరూ చేసే తప్పు టైపులన్నీ మామూలు ఇంట్ అని వదిలేయడం. 32 బై 32 గుణకారం అంటే ఒక్కోదానికి మూడు నాలుగు స్లైసులు, 64 ట్యాప్‌లు విప్పితే 190 దాటుద్ది. సరిపోయే వెడల్పుల ఫిక్స్‌డ్ పాయింట్ టైపులు పెట్టండి, శ్రేణిని పార్టిషన్ చేయండి, లూప్‌కి ఇనిషియేషన్ ఇంటర్వల్ (ఎన్ని క్లాకులకోసారి కొత్త రౌండ్ మొదలవుతుందో) 1 వచ్చిందో లేదో రిపోర్ట్‌లో చూడండి.

ఏది రాసినా పక్కన పైథాన్‌లో బిట్‌కి బిట్ సరిపోయే మోడల్ ఒకటి ఉండాల్సిందే. ఫ్లోటింగ్ పాయింట్‌తో పోల్చి "దగ్గరగానే ఉంది" అనుకుంటే రౌండింగ్ బగ్‌లు దాక్కుంటాయి. ఉదాహరణకి కింది బిట్లు ఊరికే కోసేస్తే ప్రతి శాంపిల్‌కీ సగటున అర ఎల్‌ఎస్‌బీ (అన్నిటికన్నా కింది బిట్ విలువ) కిందికి జారుద్ది, స్పెక్ట్రమ్‌లో సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న ముల్లులా లేస్తుంది. వెనక ఇంటిగ్రేటర్ ఉంటే అది పోగుపడుతూనే ఉంటుంది. కోసే ముందు సగం విలువ కూడండి, డీఎస్‌పీలో సీ పోర్టు ఖాళీగా ఉంటే ఆ కూడిక కూడా ఫ్రీ.

## మరి మీకేది

ఇప్పుడే నేర్చుకుంటున్నారా, ఒకే మ్యాక్‌తో మొదలుపెట్టండి, తర్వాత అదే ఫిల్టర్‌ని సిస్టాలిక్ చేయండి, రెండిటి యుటిలైజేషన్ రిపోర్ట్‌లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాలుగు వ్యాసాలు చదివినదానికన్నా ఎక్కువ అర్థమవుద్ది.

ఆడియో, వైబ్రేషన్, బయోమెడికల్ సెన్సర్లు అయితే ఒకే మ్యాక్, ఇంకో మాట లేదు.

రేడియో వాళ్లు ముందు సీఐసీ, హాఫ్-బ్యాండ్‌లతో రేట్ దించి, దిగిన చోట సెమీ పారలల్ గానీ సింగిల్ మ్యాక్ గానీ.

బ్యాటరీ మీద నడిచే చిన్న చిప్, కోఎఫిషియంట్లు మారవు అంటే షిఫ్ట్-యాడ్ ప్రయత్నించండి, కానీ పవర్ అంచనా సిమ్యులేషన్‌లోని అసలు టాగుల్స్‌తో (సిగ్నళ్లు 0-1 మధ్య మారడం) తీయండి. డీఎస్‌పీ బ్లాక్ ఆ పనికే నేరుగా కట్టిన సిలికాన్, కొన్నిసార్లు ఎల్‌యూటీల్లో కట్టిన యాడర్ల గుంపు కన్నా అదే తక్కువ తాగుద్ది.

కంట్రోల్ లూప్‌లో ఫిల్టర్ పెట్టేవాళ్లకి మాత్రం వేరే మాట. మోటార్ కరెంట్ లూప్‌లో 64 ట్యాప్‌ల ఎఫ్‌ఐఆర్ పెడితే ఏ ఆర్కిటెక్చర్ ఎంచుకున్నా ఆ 31.5 శాంపిళ్ల ఆలస్యం ఫేజ్ మార్జిన్‌ని (లూప్ ఊగిపోకుండా ఉండే వెసులుబాటు) తినేస్తుంది. అక్కడ ఒక బైక్వాడ్ ఐఐఆర్ (తన పాత ఔట్‌పుట్లని కూడా వాడుకునే చిన్న ఫిల్టర్) చూడండి, ఐదే గుణకారాలు. దాని ఫీడ్‌బ్యాక్ వల్ల శాంపిల్‌కి ఒక క్లాక్ వేగంలో పైప్‌లైన్ చేయడం కష్టం, కానీ మీ లూప్ 100 కిలోహెర్ట్జ్ అయితే 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌లో శాంపిల్‌కి వెయ్యి సైకిళ్లున్నాయి, ఆ ఐదూ ఒకే స్లైస్‌లో ఒకదాని వెనక ఒకటి చేసుకోవచ్చు. ఫీడ్‌బ్యాక్ కోఎఫిషియంట్లకి మాత్రం బిట్లు పీనాసిగా ఇవ్వకండి, కటాఫ్ శాంపిల్ రేట్‌లో వందో వంతు అయితే పోల్స్ (ఫిల్టర్ నడతని తేల్చే బిందువులు) యూనిట్ సర్కిల్‌కి (స్థిరత్వపు అంచు) అతుక్కుని ఉంటాయి, 16 బిట్లకి కోస్తే అవి పక్కకి జరిగి కటాఫ్ మీరు పెట్టిన చోట ఉండదు. 25 బిట్ల వైపు ఎలాగూ ఉంది కదా, దాన్ని కోఎఫిషియంట్‌కి ఇచ్చేయండి, డేటాని 18 వైపు పెట్టండి.